తానీషా పేరు, తానాషాహీ మాట

కొన్ని మాటలు ఒకప్పుడు మనుషులు. వాళ్ళకు ఇల్లూ వాకిలీ, తల్లీ తండ్రీ, ఇంటిపేరూ ఉండేవి. మనుషులు పోయారు, ఇంటిపేరు మిగిలింది. అదీ పేరుగా మిగల్లేదు, తిట్టుగానో, నేరానికి గుర్తుగానో, క్రియాపదంగానో మిగిలింది. ఇంగ్లీషులో ఇటువంటి మాటలు కోకొల్లలు. మన దేశంలోనూ ఒకటుంది. ఢిల్లీలో గానీ లక్నోలో గానీ ఊరేగింపు జరిగితే "తానాషాహీ నహీ చలేగీ" అన్న నినాదం వినబడకుండా ఉండదు. నియంతృత్వం సాగదని దాని భావం. తానాషాహ్ అంటే నియంత.

ఆ తానాషాహ్ ఎవరో కాదు, మన తానీషాయే. గోలకొండ నేలిన కడపటి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్. భద్రాచల రాముని కల్యాణానికి ముత్యాలు పంపాడని మనం చెప్పుకొనే తానీషా. ఒకే మనిషి పేరు గోదావరి ఒడ్డున పెళ్ళి తలంబ్రాలలో ముత్యమై, యమున ఒడ్డున తిట్టయి కూర్చుంది. ఇది ఎలా జరిగిందో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. అంతకుముందు పేర్లు తిట్లుగా మారే తీరు తెలియాలి గనుక, ఇంగ్లీషువారి ఇంటికి ఒకసారి పోయివద్దాం.

*

బాయ్‌కాట్ అన్న మాట మనకు కొత్త కాదు. 1928లో సైమన్ కమిషన్‌ను మనవాళ్ళు బాయ్‌కాట్ చేశారని చిన్నప్పుడే పాఠాల్లో చదువుకొన్నాం. ఆ మాటకు మూలపురుషుడు కెప్టెన్ ఛార్లెస్ బాయ్‌కాట్. ఐర్లండులోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. మన భాషలో చెప్పాలంటే దొరగారి తరఫున శిస్తు వసూలు చేసే పెద్ద గుమాస్తా. 1880లో పంటలు సరిగా లేవు, కౌళ్ళు తగ్గించమని రైతులు అడిగారు. అడిగినంత తగ్గించకపోగా బాయ్‌కాట్ వాళ్ళను భూముల నుంచి వెళ్ళగొట్టబూనాడు. అప్పుడు రైతులు కర్ర ఎత్తలేదు. పనివాళ్ళు పొలం మానేశారు, అంగడివాడు సరుకు ఇవ్వనన్నాడు, టపావాడు ఉత్తరం తేనన్నాడు. పల్లెటూళ్ళలో వెలి అంటే మనకు తెలుసు గదా, అచ్చం అదే. తేడా ఏమంటే మన దగ్గర వెలి పెద్దలు పేదలకు వేసేది, అక్కడ పేదలు పెద్దకు వేశారు. చివరికి ఆయన పొలంలో పంట తీయడానికి ఉత్తరాది నుంచి యాభై మంది కూలీలు, వారికి కాపలాగా వందల మంది సైనికులు, పోలీసులు రావలసి వచ్చింది. కొన్ని వందల పౌన్ల పంట కోసం సర్కారువారికి వేల పౌన్లు ఖర్చయ్యాయి. సంవత్సరం తిరక్కుండానే బాయ్‌కాట్ ఐర్లండు వదలిపోయాడు. పేరు మాత్రం అక్కడే నిలిచి, ప్రపంచమంతా తిరిగి, మన గోదావరి జిల్లాల దాకా వచ్చింది.

ఇక క్విస్లింగ్. 1940 ఏప్రిల్‌లో హిట్లర్ సేనలు నార్వే మీద పడ్డ రోజే, దేశాన్ని శత్రువుకు అప్పజెప్పి తాను గద్దె ఎక్కాలని చూసిన విద్కున్ క్విస్లింగ్. ఆ నెల దాటకుండానే లండన్ పత్రికలు ఆ పేరును ద్రోహికి పర్యాయపదంగా వాడేశాయి. 1945 అక్టోబరులో అతనిని కాల్చి చంపారు. మన మీర్ జాఫర్‌కు అతడు వేలు విడిచిన తమ్ముడు.

డెర్రిక్ కథ మరీ విడ్డూరం. 1600 ప్రాంతంలో లండన్‌లో ఉరితీసే తలారి పేరు డెర్రిక్. ముందు ఉరికంబానికి ఆ పేరు వచ్చింది. తరువాత ఉరికంబం ఆకారంలో ఉన్న బరువులెత్తే యంత్రానికి వచ్చింది. ఇప్పుడు గోదావరి లంకల్లో చమురు కోసం నేల తొలిచే ఎత్తైన ఇనుప గోపురాలను డెర్రిక్కులనే అంటారు. తలారి పేరు మన కొబ్బరి తోటల్లోకి వచ్చి నిలబడింది!

వీళ్ళంతా అంతో ఇంతో చేసుకొన్నవాళ్ళే. మరి డన్స్? మందమతి అని దాని అర్థం. ఆ మాట జాన్ డన్స్ స్కోటస్ అనే మహాపండితుని పేరు నుంచి వచ్చింది. 1308లో మరణించిన తార్కికుడాయన. సూక్ష్మబుద్ధికి పెట్టింది పేరు. రెండు వందల ఏళ్ళ తరువాత కొత్త చదువులవాళ్ళు వచ్చి, ఆయన శిష్యపరంపర పాత పద్ధతిని పట్టుకు వేలాడుతున్నదని వెక్కిరించారు. వెక్కిరింత గెలిచింది. పండితుని పేరు పప్పుసుద్దకు బిరుదయింది.

ఈ డన్స్‌ను గుర్తుంచుకొందాం. పేరు తిట్టుగా మారినంత మాత్రాన పేరుగలవాడు ఆ తప్పు చేశాడని కాదు. అతని మీద గెలిచినవాళ్ళు కలం పట్టారని మాత్రమే అర్థం.

*

తెలుగులో ఇటువంటి మాటలు లేవా అంటే, వెంటనే చాలామంది బూచివాణ్ణి చూపిస్తారు. 1753లో నిజాము నుంచి ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కాయి. వారి సేనాని బుస్సీ. 1757 జనవరిలో బొబ్బిలి కోట నేలమట్టమైనది అతని ఫిరంగులతోనే. నాటి నుంచి తల్లులు ఏడ్చే పిల్లలను "అదుగో బుస్సీ" అని బెదిరించేవారనీ, బుస్సీయే బూచి అయినాడనీ కథ. వినడానికి బాగుంది. బొబ్బిలి కథ విన్నవాడికి నిజమే అయివుండాలనిపిస్తుంది కూడా. కానీ బుస్సీ తిరగని పల్లెల్లోనూ తమిళుల పిల్లలు పూచ్చాండికి భయపడతారు. రెండూ ఒక తానులో ముక్కల్లాగే కనబడుతున్నాయి. బూచి మన పాత బూచే, దానికి 1757లో ఒక ముఖం దొరికింది అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. కోపం ఉన్న చోట జనం మాటకు మనిషిని వెతుక్కొంటారు.

పురాణాలలో మనకు శకుని, కీచకుడు, సైంధవుడు ఉండనే ఉన్నారు. చరిత్రలో తుగ్లక్ ఉన్నాడు. అర్థం లేని ఉత్తర్వు ఏది వచ్చినా మనం తుగ్లక్ పాలన అంటాము. అయితే తానీషా మాత్రం మన తిట్లలో లేడు. ఉత్తరాది తిట్లలో ఉన్నాడు. ఇదే అసలు చిక్కు.

*

అబుల్ హసన్ సుల్తాను కొడుకు కాడు, అల్లుడు. రాజబంధువే గానీ గద్దె మీద ఆశ పెట్టుకోదగ్గ స్థితి కాదు. యౌవనమంతా షా రాజు అనే సూఫీ గురువు సన్నిధిలో గడిపాడు. తానా షా అన్నది ఆ గురువు ముద్దుగా పిలిచిన పేరని హైదరాబాదు సంప్రదాయం. పిల్లవాని మనసు గల సాధువు అని కొందరు అర్థం చెబుతారు. అంటే తరువాతి కాలంలో నియంతకు పర్యాయపదమైన ఈ మాట, పుట్టుకలో గురువుగారి గారాబం.

1672లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణించగానే ఆస్థానంలోని పెద్దలు ఈయనను గద్దెనెక్కించారు. ఆ తరువాత రాజ్యభారమంతా మాదన్న, అక్కన్న అనే తెలుగు బ్రాహ్మణ సోదరుల చేతికి వచ్చింది. మాదన్న ప్రధాని. హైదరాబాదు శాలిబండలోని అక్కన్న మాదన్నల గుడి నేటికీ ఆ పేర్లను నిలుపుతున్నది. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి ఈ సుల్తానుతో సంధి చేసుకొన్నాడు. కూచిపూడి అగ్రహారాన్ని భాగవతులకు రాసిచ్చినదీ ఈ తానీషాయేనని అక్కడివారు తరతరాలుగా చెప్పుకొంటారు. ఒక మనిషి గురించి తెలుగువాడి జ్ఞాపకంలో ఉన్న దస్త్రం ఇది.

ఇందులో నల్లని పుట ఒక్కటే, గోపన్న చెర. ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి కంచెర్లవారి పిల్లవాడు, అక్కన్న మాదన్నలకు మేనల్లుడని ప్రతీతి. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. అడవి అంచున గోదావరి గట్టు మీద, పోకల దమ్మక్క తాటాకు పందిరి వేసి పూజించుకొంటున్న రాముడికి గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము ఆరు లక్షల వరహాలు అందుకు వాడేశాడన్నది ఆరోపణ. పన్నెండేళ్ళు గోలకొండ కోటలో బందీగా ఉన్నాడంటారు. ఆ చీకటి గదిలోంచే కీర్తనలు పుట్టాయి. ఏ నగకు ఎంతయిందో రాముడికే లెక్క అప్పజెప్పి, నువ్వు మాత్రం కులుకుతూ తిరుగుతున్నావని ఎత్తిపొడిచిన తహసీల్దారు లోకంలో ఈయనొక్కడే. లెక్కల మనిషి గదా, భక్తి కూడా జమాఖర్చుల్లోనే పలికింది.

ఆ తరువాతి కథ అందరికీ తెలిసిందే. రామలక్ష్మణులు బంట్ల వేషంలో వచ్చి తానీషాకు రామమాడలు చెల్లించి రసీదు పుచ్చుకొన్నారు. తెల్లవారి తానీషా గోపన్నను విడిపించి, కాళ్ళ మీద పడి, సొమ్మంతా రాముడికే ఇచ్చి, ఏటేటా కల్యాణానికి ముత్యాలు పంపే ఆచారం మొదలుపెట్టాడు. అన్నిచోట్లా పసుపు కలిపిన తలంబ్రాలయితే, భద్రాచలంలో గులాలు కలిపి ఎర్రగా చేయడం ఆ కాలపు ముచ్చటేనంటారు.

ఈ కథలో రాముడు గోపన్నకు కనబడలేదు, తానీషాకు కనబడ్డాడు. పన్నెండేళ్ళు ఏడ్చినవాడికి దక్కని దర్శనం, చెరలో పెట్టినవాడికి దక్కింది. ఖైదు చేసిన రాజును జనం ఇంత దయగా గుర్తుపెట్టుకోవడం అరుదు. కంసుణ్ణి చేయగలిగిన చోట భక్తుణ్ణి చేశారు. అలాగని గోపన్న బాధను తక్కువ చేయనక్కరలేదు. శిస్తు వసూళ్ళను వేలం వేసి ఇచ్చే ఆ కాలపు పద్ధతి కఠినమైనది. పైకి కట్టవలసినది కట్టకపోతే అధికారికైనా సంకెళ్ళు తప్పేవి కావు. ఆ యంత్రానికి పైన కూర్చున్నది తానీషా, దాన్ని నడిపినది గోపన్న మేనమామలుగా చెప్పే మాదన్న సోదరులే. తప్పు లేదనడం కాదు, ఆ తప్పు ఆ కాలంలో ఏ రాజైనా చేసినదే. ఔరంగజేబు దర్బారులోనూ బాకీదారులకు పూలదండలు వేయలేదు.

*

మరి తిట్టు ఎక్కడిది? దానికి గోలకొండ కోట తలుపు దాకా పోవాలి.

ఔరంగజేబు కన్ను గోలకొండ మీద ఎన్నాళ్ళనుంచో ఉంది. ఖాఫీఖాన్ చరిత్రలో చక్రవర్తి తానీషా మీద మోపిన నేరాల చిట్టా ఉన్నది. రాజ్యాన్ని బ్రాహ్మణుల చేతిలో పెట్టాడు, మద్యంలోనూ విలాసంలోనూ మునిగాడు, మరాఠా శంభాజీకి లక్ష వరహాలు పంపాడు. చిట్టాను జాగ్రత్తగా చదివితే తెలుస్తుంది, ఇందులో ప్రజలను పీడించడం కంటే గట్టిగా వినబడేది చక్రవర్తి మాట వినకపోవడం. ఢిల్లీ దృష్టిలో స్వేచ్ఛాచారి అంటే తన ప్రజల మాట విననివాడు కాదు, ఢిల్లీ మాట విననివాడు.

1685లో మొగలు సేన హైదరాబాదు నగరాన్ని దోచింది. 1686లో అంతఃపుర కుట్రతో మాదన్ననూ అక్కన్ననూ గోలకొండ వీధుల్లో నరికి చంపి, మాదన్న తలను మొగలులకు కానుకగా పంపారు. దానితోనైనా శాంతి వస్తుందనుకొన్నారు, రాలేదు. 1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను చుట్టాడు. దాదాపు ఎనిమిది నెలలు కోట లొంగలేదు. వానలు, వరదలు, కరువు, రోగాలతో చుట్టినవాళ్ళే ఎక్కువ చచ్చారు. మొగలుల కొలువులోనే ఉన్న నియామత్ ఖాన్ అనే కవి, తమవారి పాట్లను చూసి ఎగతాళి గ్రంథమే రాశాడు.

కోటను ఫిరంగి తీయలేదు, బంగారం తీసింది. అబ్దుల్లాఖాన్ పణి అనే సేనాని లంచం తిని 1687 సెప్టెంబరులో ఒక రాత్రి చిన్న తలుపు తెరిచాడు. ఆ తలుపు దగ్గర అబ్దుల్ రజాక్ లారీ అనే మరో సేనాని, అంతకుముందు తనకు వచ్చిన లంచపు ఫర్మానాను చించి పారేసినవాడు, ఒంటరిగా పోరాడి డెబ్బై గాయాలతో పడ్డాడు. తానీషా మాత్రం కంగారు పడలేదట. తనను పట్టుకోవడానికి వచ్చినవారిని మర్యాదగా పలకరించి, భోజనవేళ అయిందని వారి ఎదుటే తిన్నాడట. ఇటువంటి వేళ అన్నం ఎలా దిగుతుందని వాళ్ళు అడిగితే, సుఖమిచ్చిన దేవుడే ఇదీ ఇచ్చాడన్న భావంతో జవాబు చెప్పాడని ఖాఫీఖానే రాశాడు. శత్రువు కొలువులోని చరిత్రకారుడు కూడా దాచలేకపోయిన నిబ్బరం అది.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించాలి. తలుపు తెరిచిన పణి పేరు ఏ భాషలోనూ మాట కాలేదు. క్విస్లింగ్‌కు దక్కిన కీర్తి అతనికి దక్కలేదు. డెబ్బై గాయాలు తిన్న లారీ పేరూ మాట కాలేదు. అమ్ముడుపోయిన రాజు పేరు మాత్రమే తిట్టయింది. కారణం తెలిసిందే. పణి పని చేసినది గెలిచినవాడి కోసం.

*

తానీషాను దౌలతాబాదు కోటలో పెట్టారు. చీనీ మహల్ అన్న భవనం ఆయనకు చెరసాల. 1699 ప్రాంతంలో మరణించేదాకా అక్కడే ఉన్నాడు. ఖుల్దాబాదులో సమాధి. లెక్క వేసి చూడండి, పన్నెండేళ్ళు! గోపన్న గోలకొండలో గడిపాడని మనం చెప్పుకొనే కాలం ఎంతో, అతనిని చెరపెట్టిన రాజు పరాయి కోటలో గడిపిన కాలం కూడా ఇంచుమించు అంతే. పూర్వజన్మలో గోపన్న చిలుకను పంజరంలో పెట్టిన పాపానికి చెర అనుభవించాడని మన కథ. ఆ లెక్కనే తానీషాకు వర్తింపజేసి ఊరుకోవచ్చు. కానీ గోపన్నకు విడుదల ఉంది, పాట ఉంది. తానీషాకు రెండూ లేవు. ఆయనను విడిపించడానికి రామమాడలతో ఎవరూ రాలేదు.

ఆ తరువాత రాసినవారంతా గెలిచిన కొలువువారే. విలాసపురుషుడు, సుకుమారుడు, రాజ్యం పట్టనివాడు అన్న బొమ్మ మొదట నిలిచింది. ఉర్దూలో నాజూకు మనిషిని, చీటికిమాటికి కందిపోయేవాణ్ణి తానాషాహ్ అని వెక్కిరించేవారు. అక్కడి నుంచి తన ఇష్టమే గాని మరొకరి మాట పట్టనివాడనీ, ఆపైన స్వేచ్ఛాచారి అనీ అర్థం జారింది. హిందీ నిఘంటువులు ఈ మాటను అబుల్ హసన్ పేరుతోనే ముడిపెడతాయి. ఇరవయ్యో శతాబ్దిలో ఇంగ్లీషు డిక్టేటరుకు హిందీలో సరైన మాట కావలసి వచ్చింది. హిట్లరుకూ ముసోలినీకీ బిరుదుగా ఈ సూఫీ శిష్యుని ముద్దుపేరు సిద్ధంగా దొరికింది. ఎంత దూరం నుంచి ఎంత దూరం!

మనకు ఆ అవసరం పడలేదు. డిక్టేటరుకు మనం సంస్కృతం నుంచి నియంతను తెచ్చుకొన్నాం. ఆయన పాలన చూసిన జనం భాషలో ఆయన పేరు తిట్టు కాలేదు. ఆయనను ఓడించినవారి భాషలో అయింది. ఇంతకు మించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

*

మాటలు ఎవరి చేతిలో ఉంటాయన్న దానికి మా అడవి అంచు నుంచే ఇంకొక ఉదాహరణ. కెప్టెన్ బాయ్‌కాట్‌ను ఐరిష్ రైతులు వెలివేసిన రోజులకు కాస్త ముందే, 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు మొదలై భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది. కారణాలు అక్కడా ఇక్కడా ఒకే జాతివి. కల్లు మీద చిగురు పన్ను, మన్సబుదారు పీడన, పోలీసుల దౌష్ట్యం. ఐరిష్ రైతుల పక్కన పత్రికలున్నాయి, ఇంగ్లీషు తెలిసిన నాయకులున్నారు. అందువల్ల పీడించినవాడి పేరు మాటగా మారింది. కోయలకూ కొండరెడ్లకూ పత్రికలు లేవు. వాళ్ళ పోరాటాన్ని సర్కారువారు దస్త్రాలలో పితూరీ అని రాసుకొన్నారు. అల్లరి, అలజడి అని దాని అర్థం. ఇవాళ తెలుగిళ్ళలో పితూరీలు చెప్పడమంటే ఏమిటి? అన్న మీద చెల్లి అమ్మకు చాడీలు చెప్పడం! పీడించినవారి పేర్లు పోయాయి, తిరగబడినవారి పోరాటం పిల్లల చాడీ స్థాయికి దిగిపోయింది. 1922లో గూడెం కొండల్లో కూలి సరిగా ఇవ్వక రోడ్డుపనులు చేయించిన బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు, అల్లూరి తిరుగుబాటుకు నిప్పంటించిన ఘనుడు, బాయ్‌కాట్‌కు ఏ విధంగానూ తీసిపోడు. ఆయన పేరు నిఘంటువు ఎక్కిందా? లేదు.

*

తానాషాహ్ అన్న మాటను హిందీవారు మానుకోవాలని నేననడం లేదు. నినాదంలో ఆ మాటకు బలముంది, ఇన్నేళ్ళలో అది జనం సొత్తయింది. మాటలకు కుబుసం విడిచే హక్కు ఉంది. బాయ్‌కాట్ అన్నప్పుడల్లా ఎవరూ ఐర్లండును తలుచుకోరు. అయినా మన దగ్గర ఆ పేరుకు మరొక ప్రతి ఉన్నదని గుర్తుంచుకోవడం మన బాధ్యత.

శ్రీరామనవమికి ఏటా ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలూ ముత్యాల తలంబ్రాలూ భద్రాచలం చేరతాయి. కుతుబ్‌షాహీలు పోయారు, మొగలులు పోయారు, అసఫ్‌జాహీలు పోయారు, దొరలు పోయారు. భద్రాచలం ఎన్నో జిల్లాల గీతల మధ్య అటూ ఇటూ మారింది. ముత్యాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. తానీషా మీద తీర్పు రాసినవాళ్ళది ఒక నిఘంటువు. ఆయన చేత చెర అనుభవించిన భక్తుని ఊరివాళ్ళది మరొకటి. ఈ రెండో దానిలో ఆయన పేరుకు ఎదురుగా రాసివున్న అర్థం, రాముణ్ణి కళ్ళారా చూసినవాడు అని.

చదువరులకు ఒక మనవి. మీ ఊళ్ళలో, మీ ఇళ్ళలో మనుషుల పేర్లు మాటలుగా మారినవి ఇంకా ఉండే ఉంటాయి. తిట్టయినా సరే, దీవెన అయినా సరే, తెలిసినవారు చెప్పండి. నిఘంటువుల్లోకి ఎక్కనివే మరీ ముఖ్యం.